లుదివినా ఇంటర్వ్యూ

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో అనే నగర చరిత్రకారులు విస్మరించిన మహాఘట్టం ఒకటుంది. కోర్టు స్టెనో లుదివినా మధ్యాహ్నం పూట అన్నం, ఎండుచేప ఉన్న డబ్బాను చర్చి ఫాదర్లు నడిపే లా కాలేజీ గేటు ఎదుటే విప్పేది. ఎండైనా, వానైనా అంతే. లోపల గంట మోగితే చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది.

"ఊళ్లో ఇన్ని కాలేజీలుంటే నీకదే కావాలా, అటార్నీ అక్కా?" అని కోర్టు బంట్రోతు నోనోయ్ ఆటపట్టించేవాడు.

"మన జడ్జీలంతా అక్కడ చదివినవాళ్లేరా. వాళ్లు మాట్లాడుతుంటే రాసుకునే చెయ్యి కూడా మురిసిపోతుంది. నాకూ అలా మాట్లాడాలనుంది."

ప్రవేశపరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. బల్లకు అవతల ఇద్దరు రిటైర్డు జడ్జీలు కూర్చున్నారు.

"న్యాయశాస్త్రం ఎందుకు చదవాలనుకుంటున్నావమ్మా?" అన్నాడు పెద్దాయన.

లుదివినా ఆ ప్రశ్నను పొల్లుపోకుండా షార్ట్‌హ్యాండులో రాసుకుని, పెన్సిలు ఎత్తిపట్టి, సాక్షి జవాబు కోసం ఎదురుచూసింది.

"చెప్పమ్మా, నిన్నే!"

అదీ రాసుకుంది. మళ్లీ పెన్సిలు ఎత్తిపట్టింది.

ఆ ఏడాది ఆమె బస్టాండు దగ్గర, బేకరీ మేడ మీదున్న సాయంకాలపు లా కాలేజీలో చేరింది. అక్కడ ఇంటర్వ్యూ ఉండదు.