సంతలో ఎర్రబడిన చెంబు నీళ్ళు

మా అక్క మొగుడు బందరులో అద్దకం పని చేసేవాడు. చెక్క అచ్చులతో దుప్పట్ల మీద పూలూ లతలూ వేసేది ఆయన, వాటిని అమ్మేది నేను. ఆయనకి చెయ్యి ఉంది, నాకు నోరుంది. నాలుగో తరగతిలోనే మేష్టారు నన్ను ఇంటికి పొమ్మన్నది కూడా ఆ నోటి ధాటికి తట్టుకోలేకే.

సీమ మిల్లుల అచ్చుగుడ్డ ఇంగ్లండు ఓడల్లో చౌకగా దిగుతున్న రోజులవి. పెళ్ళిళ్ళకి పడవలేసుకొచ్చి దుప్పట్లు కొనుక్కెళ్ళే దివిసీమ వాళ్ళు రావడం మానేశారు. మాకు మిగిలింది గుడివాడ సంత ఒక్కటే. అదీ పోతే బావ అచ్చులు పొయ్యిలోకే.

ఆ వేసవిలో మూట తీసుకుని ఇద్దరం రైలెక్కాం. సంతలో జనమంతా పక్కనున్న మిల్లుగుడ్డ కొట్టు ముందే మూగి ఉన్నారు. నాకు ఒళ్ళు మండి ఓ పెట్టె ఎక్కాను.

“రండమ్మా రండి! చెంబు మీదే, నీళ్ళూ మీవే! మా దుప్పటి ముంచి పిండండి. రంగు దిగిందా, ఊరికే పట్టుకుపోండి! ఆ పక్కవాటిని మాత్రం ముంచకండి, పూలు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చేస్తాయి!”

జనం నవ్వుతూ ఇటు తిరిగారు. బావ నా పంచె పట్టుకుని లాగుతున్నాడు. సంతోషం పట్టలేక లాగుతున్నాడనుకున్నాను.

బంగారు గాజుల పెద్దావిడ ఒకరు ముందుకొచ్చి, దుప్పటి కొంగు తన ఇత్తడి చెంబులో ముంచి పిండింది. నీళ్ళు తాంబూలం ఉమ్మినట్టు ఎర్రబడ్డాయి.

ఉతికిన కొద్దీ నిగ్గు తేలడమే తప్ప, బావ రంగు దిగడం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సూర్యుడు పడమట పొడిచినా అంత అదిరిపోయేవాణ్ణి కాదు.

“ఏం అబ్బాయ్, ఏవి నీ కేకలు? ఈదుతున్నది మీ పూలేగా?” అంది పెద్దావిడ. మిల్లుగుడ్డ కొట్టువాడు విరగబడి నవ్వాడు.

పెట్టె దిగి బావ చెవిలో, “ఏంటి బావా ఇది?” అన్నాను.

“వేసవికని కాలువల్లో నీళ్ళు కట్టేశారు కదరా! రంగులో ఉడికించాక పారే నీళ్ళలో జాడించాలి, అప్పుడే ఎక్కువైన రంగు వదులుతుంది. పారే నీళ్ళెక్కడున్నాయి? చెరువులో ముంచి తెచ్చాను.”

“ముందే చెప్పొద్దూ?”

“కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి ఉతుక్కుంటారు గానీ, సంతలో ఉతికిస్తావని నేను కలగన్నానా?”

చుట్టూ చెంబులు పోగవుతున్నాయి. రాత్రికల్లా ఈ కబురు నందివాడ దాకా పాకుతుంది, ఇక ఈ సంతలో మా మొహం చూసేవాడుండడు. ఏ అబద్ధమైతే అతుకుతుందా అని నేను వెతుక్కుంటుంటే, ఎప్పుడూ నలుగురిలో పెదవి విప్పని మా బావ చేతులు జోడించాడు.

“అమ్మా, ఇది ఇంకా పూర్తి కాని సరుకండీ. కాలువలో జాడించలేదు. తేవడమే తప్పు. ఆ దుప్పటి మీరు తీసుకెళ్ళండి. మిగతావి అమ్మను.”

అని మూట కట్టేశాడు. అమ్మకానికొచ్చి అమ్మనంటాడేమిటి!

పెద్దావిడ తడి కొంగు వేళ్ళతో నలిపి చూసి, దుప్పటి బావ చేతిలోనే పెట్టింది. “కాలువ వదిలాక కబురంపు. నా కళ్ళెదుటే జాడించు. అప్పటికీ దిగితే నీ సంగతి సంతంతా నేనే చెప్తాను.”

కాలువలు వదిలిన రోజే కబురంపాను. రాదనే అనుకున్నాను. బందరులో రైలు దిగి, ఇద్దరు కోడళ్ళనీ వెంటబెట్టుకుని వచ్చింది! మోకాలిలోతు నీళ్ళలో నిలబడి బావ దుప్పటి జాడిస్తుంటే, ఎర్రటి చార కాసేపు ప్రవాహం వెంట సాగి, సన్నబడి, ఆగిపోయింది. ఆవిడ గట్టు దిగి, తన చెంబు తనే ముంచి, దుప్పటి కొంగు అందులో పిండింది. చాలాసేపు చెంబులోకి చూసింది.

“కోడళ్ళకి చెరొకటి వెయ్యి” అంది బావతో. నా వంక చూడనైనా లేదు.

మరుసటి ఏడు ఆవిడ వీధివాళ్ళు కూడా మా కాలువ గట్టుకే వచ్చి కొనుక్కెళ్ళారు. అప్పట్నుంచీ ఏటా గుడివాడ సంతకెళ్ళి నేను చెప్పేది ఒకటే మాట: “కాలువ వదిలారండీ.” ఎన్ని మాటలు వచ్చినవాణ్ణి! దుప్పట్ల ఊసైనా ఎత్తకుండా తిరుగు రైలెక్కేవాణ్ణి.