వృత్తి గడిలో నేను రాసింది

తెలుగు తప్పుల్లేకుండా రాస్తానన్న పేరు నాకు సింగపూర్‌లో అనవసరంగా వచ్చింది. బిషాన్‌లో మా చుట్టుపక్కల ఉండే పది పన్నెండు తెలుగు కుటుంబాలు కలిసి పెట్టుకున్న చిన్న బృందం మాది. పండగలకు కలుస్తాం, ఆదివారాలు పిల్లలకు అక్షరాలు నేర్పుతాం. ఒక ఏడాది, మాకంటే ఎంతో ముందు ఈ దేశానికి వచ్చిన తెలుగువాళ్ళ గురించి ఒక ప్రదర్శన పెట్టాలని, దానితోపాటు చిన్న పుస్తకం అచ్చువేయాలని అనుకున్నారు. రాసే పని నా మీద పడింది. నేను వన్-నార్త్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. పాత కాగితాల్లో మనుషుల్ని ఎలా వెతకాలో నాకు తెలియదు. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. పొగిడితే కాదనలేని మనిషిని నేను.

ఎవరో చెప్పగా బూన్ లేలో ఒక ముసలావిడ ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. తండ్రి ఇక్కడే పుట్టాడు, ఆమె కూడా ఇక్కడే పుట్టింది. ఆంధ్రదేశం ఒక్కసారైనా చూడలేదు. నర్సుగా పనిచేసే మనవరాలితో మూడు గదుల ఫ్లాట్‌లో ఉంటోంది. ఆమె నోరు విప్పగానే ఆశ్చర్యపోయాను. మా కాకినాడ నుంచి విశాఖ దాటి పైకి వెళ్తే పాతకాలపు మనుషుల నోట వినపడే తెలుగు అది. మధ్యమధ్యలో అరవం, మలయ్ మాటలు దొర్లుతున్నాయి.

"రా తల్లీ, కూకో. ముందల మకన్, తరవాత మాటలు," అంది. మకన్ అంటే తిండి. రొయ్యల ఇగురు వేసి అన్నం పెట్టింది. మళ్ళీ అడిగి వేయించుకుని తిన్నాను.

తాత గురించి అడిగితే ఆమె చెప్పింది తక్కువే. "మునిసిపాల్టీల పని. తెల్లారకముందే ఎల్లిపోయీవోడు. ఎడం సెవి ఇనపడీది కాదు. ఏటైనా సెప్పాలంటే కుడిపక్కకెల్లి సెప్పాల."

ఏ ఊరని అడిగాను. ఏటి ఒడ్డున ఊరట, ఇసకలో పుచ్చకాయలు కాసేవట. అంతవరకే తాత చెప్పాడు. ఊరిపేరు ఆమె చిన్నప్పుడు విని ఉంటుంది, గుర్తులేదు.

"నువ్వు సదూకున్నదానివి. కాయితాల్ల ఉంటాది గదా, సూసి సెప్పు తల్లీ. మా ఊరి పేరు ఒక్కపాలి ఇనాలనుంది," అంది.

మనవరాలు ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చింది. అందులో ముసలావిడ తండ్రి జనన పత్రం నకలు ఉంది. ఆ కుటుంబం చేతిలో ఉన్న పాత కాగితం అదొక్కటే. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, వెతికి తీరతానని మాటిచ్చాను.

ఆఫీసుకు సెలవు పెట్టి నాలుగైదు సార్లు ఆర్కైవ్స్‌కు వెళ్ళాను. మైక్రోఫిల్మ్ యంత్రం ముందు కూర్చుని చక్రం తిప్పుతూ ఉంటే పాత పేజీలు తెర మీద జారిపోయేవి. మొదట్లో ఏమీ దొరకలేదు. తాత పేరును గుమాస్తాలు చోటుకో రకంగా రాశారు. ఒకచోట చివర అక్షరం పోయింది, ఒకచోట మధ్యలో ఒక అక్షరం వచ్చి చేరింది. వయసు ఒక కాగితానికి ఇంకో కాగితానికి పొంతన లేదు. యుద్ధకాలపు మరణాల్లో ఆయన పేరు ఎక్కడా కనపడలేదు. చివరకు కూలీ లైన్లలో, అంటే మునిసిపాలిటీ కట్టిన వరస గదుల్లో, ఉండేవాళ్ళ పట్టిక ఒకటి దొరికింది. పేరు కలిసింది, భార్య పేరు కలిసింది, పిల్లవాడి వయసు కలిసింది. జిల్లా చికాకోల్ అని రాసి ఉంది. అది శ్రీకాకుళానికి దొరలు రాసుకున్న పేరు. ఊరి గడిలో "బొ" అని చదవగలిగే రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఆ తర్వాత పేజీ అంచు చిరిగిపోయింది.

వృత్తి గడి మాత్రం శుభ్రంగా ఉంది. స్కావెంజింగ్ కూలీ.

వీధులు ఊడ్చి, మురికి కాలువలు తీసే పని. తెర మీద ఆ మాట చదవగానే నాకు కలిగింది జాలి కాదు, గౌరవం అంతకన్నా కాదు. అయ్యో, ఇది పుస్తకంలో ఎలా వేస్తాం అనుకున్నాను. మొదట వచ్చిన ఆలోచన అదే.

ఆ శనివారం మళ్ళీ బూన్ లే వెళ్ళాను. దొరికింది చెప్పడానికని వెళ్ళి, ఊరిపేరులో రెండక్షరాలే మిగిలాయని చెప్పాను. వృత్తి గడి మాట ఎత్తలేదు. ఆమె ఆ రెండక్షరాలనే "బొ... బొ..." అంటూ కాసేపు నోట్లో తిప్పుకుంది. తర్వాత లేచి కంచం పెట్టింది. ఆ కంచం చూడగానే నాలో ఏదో ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఈ రోజు శనివారం కదా మామ్మగారూ, నేను తినను," అన్నాను.

నేను ఏనాడూ శనివారాలు చేసిన మనిషిని కాను. మా అమ్మమ్మ ఇంట్లో పెరటి వైపు వచ్చి దొడ్డి కడిగే మనిషికి కాఫీ పైనుంచి పోసేవారు. ఆమె గ్లాసు పెరటి గోడ మీద బోర్లించి ఉండేది. దాన్ని ముట్టుకోవద్దని నాకెవరూ చెప్పలేదు. చెప్పకుండానే నేర్చుకున్నాను. పాతికేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ, ఎవరు కడిగిన ప్లేటులోనో రోజూ తింటూ, అదంతా ఎప్పుడో పోయిందనుకున్నాను. మొదటిసారి వచ్చినప్పుడు వేళ్ళు నాకుతూ తిన్న ఇంట్లో ఆ రోజు మంచినీళ్ళు కూడా తాగలేదు.

ఆకలేసి, కింద హాకర్ సెంటర్‌లో చికెన్ రైస్ కొనుక్కుని కూర్చున్నాను. సగం తిన్నానో లేదో, మనవరాలు డ్యూటీ దిగి యూనిఫారంలో ఎదురుగా వచ్చింది.

"ఆంటీ! ఇంటికి వెళ్ళలేదా? మామ్మ ఇవాళ స్పెషల్‌గా వండింది, యూ నో," అంది.

"వెళ్ళి వస్తున్నానమ్మా," అన్నాను.

ఆమె నా ప్లేటు వైపు చూసింది. "ఓ... ఓకే లా," అని నవ్వి వెళ్ళిపోయింది. పైకి వెళ్ళాక వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మిగిలిన అన్నం పారేశాను.

మా బృందానికి ఒక పెద్దాయన ఉన్నారు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయనకు నా కాగితాలన్నీ చూపించాను. స్కావెంజింగ్ అన్న మాట దగ్గర ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, మన పిల్లలు చూస్తారు. బయటివాళ్ళు వస్తారు. మొదటి ప్యానెలే ఇదంటే ఏం బాగుంటుంది? అబద్ధం రాయమనట్లేదు. ఇంకేమైనా దొరుకుతుందేమో చూడు."

దొరికింది. మునిసిపాలిటీ వాళ్ళదే ఇంకో జాబితాలో సరిగ్గా అదే పేరుతో ఒక ఓవర్సీరు ఉన్నాడు. ఊరు లేదు, జిల్లా లేదు, భార్యాబిడ్డల ప్రస్తావన లేదు. వయసు మాత్రం ముసలావిడ తాతకంటే పదేళ్ళు ఎక్కువ. వేరే మనిషని నాకు అప్పుడే తెలుసు. ఆఫీసులో ఎవరైనా ఇలాంటి రెండు వివరాలు కలిపి పంపితే నిమిషంలో తిప్పికొట్టేదాన్ని. కానీ ఆ రోజు ఇంటికి వచ్చి, పాత రికార్డుల్లో వయసులు ఎటూ సరిగ్గా ఉండవు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. "మునిసిపాలిటీలో ఓవర్సీరుగా పనిచేసి, తోటి తెలుగు కార్మికులకు అండగా నిలిచారు" అని రాశాను. అండగా నిలిచిన సంగతి ఏ కాగితంలోనూ లేదు. వాక్యం బోసిగా ఉందని చేర్చాను. పెద్దాయన చదివి, "అదీ! ఇదీ తెలుగంటే," అన్నారు. నాకు సంతోషమేసింది.

ప్రదర్శనకు ముసలావిడ పట్టుచీర కట్టుకుని చక్రాల కుర్చీలో వచ్చింది. ప్యానెళ్ళన్నీ తెలుగులోనే ఉండాలని మేం పట్టుపట్టాం. మనవరాలికి తెలుగు చదవడం రాదు, ముసలావిడకు ఏ భాషా చదవడం రాదు. "ఆంటీ, మీరే చదవండి ప్లీజ్," అంది మనవరాలు. నలుగురూ చుట్టూ చేరారు. నా అబద్ధం నేనే గట్టిగా చదివాను.

"ఓవర్సీరంటే ఏటి?" అంది ముసలావిడ.

"సూపర్‌వైజర్, మామ్మా. బాస్ లా!" అంది మనవరాలు సంబరంగా. "మండోర్."

మండోర్ అన్న మాటకు ముసలావిడ మొహం మారిపోయింది. అది కూలీల మీద పెత్తనం చేసేవాడికి మలయ్‌లో పేరు.

"మా తాత మండోర్ కాదు. ఈదులు తుడిసినాడు. కాలవలు తీసినాడు. సీనోళ్ళు రాని నాడు దొడ్డి బకెట్లు కూడా మోసినాడు," అంది. గొంతులో దాపరికం ఏమీ లేదు. "మండోర్‌ది కూడా అదే పేరు. లైన్లల ఆడ్ని పెద్దోడనీవోరు, మా తాతని సిన్నోడనీవోరు. ఓ నాడు మా తాతకి జొరమొచ్చి కాలవ గట్టు మీద కూకుండిపోనాడంట. ఆ మండోర్ సెంప మీద కొట్టీసినాడు. అప్పట్నించే సెవి పోయింది."

ఎడమ చెవి వినపడదన్న మాట నా నోట్‌బుక్ మొదటి పేజీలోనే ఉంది. ఎందువల్ల అని నేను అడగలేదు.

"కొట్టినోడి పని మా తాతకి రాసీసినావు తల్లీ," అంది. నా మొహం చూసిందేమో, వెంటనే చెయ్యి పట్టుకుంది. "పేరు ఒకటే గదా, కలిసిపోనాది. నీకెలగ తెలుస్తాది పాపం?"

అక్కడ నేను నిజం చెప్పి ఉండాల్సింది. "అవును మామ్మగారూ, పేరు ఒకటే అయ్యేసరికి పొరబడ్డాను," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో పాపం అన్నట్టు తలలూపారు. పాత రికార్డులతో ఇదే ఇబ్బంది అని ఎవరో అన్నారు. రాసిన దానికంటే, ఆ నిమిషంలో ఆమె జాలిగా చాచిన చేతి చాటున దాక్కున్నదానికే ఇప్పటికీ ఎక్కువ సిగ్గుపడతాను.

పది రోజులు ఓర్చుకుని బూన్ లే వెళ్ళాను. తలుపు దగ్గరే చెప్పేశాను. ముందే తెలుసని, వేరే మనిషని తెలిసే రాశానని, ఆ శనివారం ఉపవాసం కూడా అబద్ధమని.

ముసలావిడ నా వైపు తిరిగింది. "తెలిసే రాసినావా?" అంది. నేను తలూపాను. "కూకో," అనలేదు. టీవీలో అరవం సీరియల్ వస్తోంది. మెల్లగా అటు తిరిగి కూర్చుంది.

మనవరాలు లిఫ్ట్ దాకా వచ్చింది. "వై యూ టెల్ హర్, ఆంటీ? మిస్టేక్ అనుకుని హ్యాపీగా ఉంది. ఇప్పుడు మీరు ఫ్రీ, ఆమెకేమో బాధ," అంది. ఆ పిల్ల అన్నది నిజమే కావచ్చు. చెప్పకుండా ఉండటమూ నా వల్ల కాలేదు.

ప్యానెల్ మార్చాం. పుస్తకం మాత్రం అప్పటికే పంచేశారు. సవరణ చీటీలు అచ్చువేద్దామంటే పెద్దాయన, "ఎవరు చూస్తారమ్మా, వదిలెయ్," అన్నారు. నేనే చీటీలు అచ్చువేయించి, తెలిసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడిగి అంటించి వచ్చాను. కొందరికి పుస్తకం ఎక్కడ పెట్టారో కూడా గుర్తులేదు.

రెండేళ్ళ తర్వాత హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి నాకు మెయిల్ రాసింది. తొలితరం తెలుగు కార్మికుల్లో పైకెదిగినవాళ్ళ గురించి రాస్తోందట. ఉదాహరణగా మా పుస్తకంలోని ఓవర్సీరును తీసుకుందట. చీటీ లేని ప్రతి ఆమెకు దొరికింది. "ఈ వివరానికి మూలం ఏమిటి మేడమ్?" అని అడిగింది.

మూలం లేదని, నేను కల్పించానని రాశాను. ఎందుకు కల్పించానో కూడా రాశాను. పంపేముందు కారణం రాసిన పేరా రెండుసార్లు తీసేసి, రెండుసార్లూ మళ్ళీ పెట్టాను. చిరిగిన పట్టిక నకలు జతచేసి, మనవరాలిని అడిగి ఆమె ఫోన్ నంబరు ఇచ్చాను.

ఆ అమ్మాయి బూన్ లే వెళ్ళింది. ముసలావిడ ఆమెకు లైన్ల గురించి, బకెట్ల గురించి, మండోర్ గురించి మూడు మధ్యాహ్నాలు చెప్పిందట. శ్రీకాకుళం ఏటి ఒడ్డున ఆ రెండక్షరాలతో మొదలయ్యే ఊళ్ళన్నీ ఆ అమ్మాయి ఒక కాగితం మీద రాసుకుపోయి, ఒక్కొక్కటే చదివి వినిపించిందట. ముసలావిడ దేనికీ అవుననలేదు, దేన్నీ కాదనలేదు. అన్నీ ఇంకోసారి చదవమందట.

ఇదంతా ఆ అమ్మాయే నాకు ఫోన్‌లో చెప్పింది. ముసలావిడ నన్ను రమ్మనలేదు. వస్తానని నేనూ అడగలేదు.