వదిన దాహం, మా ఆయన ఆకలి

మా ఆయనది తూకం పని. ఊరి చివర పెద్ద రోడ్డు పక్కనున్న లారీల కాటా గదిలో ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నారు. లారీని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి చీటీ ఇవ్వాలి. డ్రైవర్లంతా "కాటా అన్నా" అంటారు. ఇనుప తుక్కు, ఇసుక, మొక్కజొన్న, ఏది వచ్చినా కిటికీలోంచి ఒక చూపు చూసి సుమారు బరువు చెప్పేస్తారు. అద్దంలో చూసుకుని తన బరువు మాత్రం ఏనాడూ చెప్పుకోలేదు. తొంభై ఏడు కిలోలని ఆసుపత్రిలో అంటేనే మాకు తెలిసింది.

ఆసుపత్రికి వెళ్లింది ఆయన కోసం కాదు, మా వదిన కోసం. వదినంటే ఆయన అక్క, ఆయనకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా వదిన అర్ధంతో ఆగలేదు, ముప్పావు దాకా వచ్చింది. నా వంటింట్లో డబ్బాలు ఏ వరసలో ఉండాలో కూడా ఆవిడే చెప్పేది. అంతటి మనిషికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడు రోజులు మిషన్ పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే తప్ప ఆ మంచం తప్పదన్నారు. పరీక్షలు చేస్తే మా ఆయనది సరిపోయింది. కాకపోతే ఇంత బరువున్న మనిషికి కోత పెట్టడం మంచిది కాదు, ఎనభై అయిదుకి దిగి రావాలి అని డాక్టరమ్మ నాలుగు నెలలు గడువిచ్చింది. అంతకంటే ఆలస్యమైతే వదిన ఒళ్లు ఆపరేషన్‌కి తట్టుకోలేకపోవచ్చని కూడా చెప్పింది.

"పన్నెండు కిలోలే కదా! మా కాటా మీద పెడితే ముల్లు కదలను కూడా కదలదు" అని మా ఆయన బస్సులో నవ్వారు. వదిన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

బరువు తగ్గడానికి ఆయనకి తోచిన దారి ఒక్కటే, పొద్దున తినకపోవడం. ఆ ఆకలి ఎలాంటిదో నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. నాలుగున్నరకల్లా కడుపులో ఎలుకలు పరుగెత్తేవి. లేచి, మొహమైనా కడుక్కోకుండా వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసేవారు. అందులోని దీపం వెలుగులో గుడ్ల వంక చూస్తూ, పలకరించడానికి వచ్చిన చుట్టంలా నిలబడేవారు. తర్వాత తలుపేసి రెండు గ్లాసుల నీళ్లు తాగి వచ్చి పడుకునేవారు. పడుకున్నా నిద్రెక్కడిది? కడుపు చేసే చప్పుడికి పక్కన నాకే మెలకువ వచ్చేది.

ఆరింటికి డ్యూటీ. తొమ్మిదింటికల్లా చేతులు వణికేవట. ఒకరోజు నిండు లారీ బరువు ఖాళీ గడిలో, ఖాళీ లారీ బరువు నిండు గడిలో కొట్టేశారు. ఇసుక దింపాక లారీ ఇంకా బరువెక్కినట్టు చీటీ వచ్చింది. డ్రైవర్ ఆ చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, "కాటా అన్నా, నేను ఇసుక దింపానా, లారీకి తినిపించానా?" అన్నాడట. అందరూ నవ్వారు, యజమాని మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత డ్రైవర్లే జాలిపడి తలా రెండు బిస్కెట్లు కిటికీలోంచి అందించడం మొదలుపెట్టారు. రెండేసి రెండేసి సాయంత్రానికి ఎన్నయ్యేవో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆకలి రుచెరుగదంటారు. రాత్రి ఎనిమిదింటికి కంచం ముందు కూర్చున్న మా ఆయన ఆకలి రుచితో పాటు హద్దు కూడా ఎరగదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అంతా ఆయన మీదికే నెట్టినట్టవుతుంది. ఆయన చాలన్నాక కూడా నేను ఇంకో గరిటె వేసేదాన్ని. "పొద్దుటనుంచీ ఏమీ తినలేదు కదా, పాపం" అనేదాన్ని పైకి. లోపల మాట వేరు. బాగున్న మనిషి కడుపు కోస్తారంటే నా గుండెలో రాయి పడింది. ఇవ్వొద్దంటే వదిన ఉసురు పోసుకున్నదాన్ని అవుతాను, ఇమ్మంటే రేపు ఆయనకేమైనా అయితే నా గతేమిటి? ముందు నుయ్యి, వెనక గొయ్యి. బరువు తగ్గకపోతే మాత్రం ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు. నోటితో వద్దనే ధైర్యం లేక గరిటెతో అన్నాను. ఈ మాట చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఆయన కూడా తక్కువ తినలేదు. ఇంట్లో తూకం మిషన్ కొనుక్కుందామంటే ఒప్పుకోలేదు. "నలభై టన్నులు తూచేదాని దగ్గర పనిచేస్తూ ఈ బొమ్మ మిషన్ ఎందుకు?" అన్నారు. రోజూ మొదటి లారీ రాకముందే కాటా మీద తనే ఎక్కి నిలబడేవారు. పక్క టీ కొట్టతను గదిలోకి వెళ్లి అంకె చదివేవాడు. నూరు. వారం తర్వాత నూరు. నెల తిరిగినా నూరే. ఆ కాటా పదేసి కిలోల లెక్కన తప్ప చూపించదు, తొంభై ఏడుని నూరంటుంది, తొంభై అయిదున్నరనీ నూరే అంటుంది. ఇరవై రెండేళ్లు దాని ముందు కూర్చున్న మనిషికి ఆ మాత్రం తెలియదా?

అదే అడిగాను. చాలాసేపు చొక్కా గుండీలు పెట్టుకున్నారు. "చిన్న అంకెలు చూస్తే గుండె దడ పుడుతోందే. ఒక్కో కిలో తగ్గుతుంటే ఆపరేషన్ ఒక్కో అడుగు దగ్గరికొస్తున్నట్టుంటుంది" అన్నారు. అప్పుడు తెలిసింది, ఒకే కప్పు కింద ఇద్దరం విడివిడిగా భయపడుతున్నామని.

అయిదో వారంలో ఒకరోజు తెల్లవారుజామున అయిదింటికి ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు ఫోనంటే మంచి వార్త కాదని వంటింట్లోకి పరుగెత్తాను. ఫ్రిజ్ ముందు నిలబడి స్పీకర్ నొక్కారు మా ఆయన. వదినే, తన ఇంటినుంచి.

"ఏరా, లేచే ఉన్నావా?"

"ఉన్నానక్కా. ఆకలి లేపింది. నువ్వేంటి ఇంత పొద్దున్నే?"

"నన్ను దాహం లేపింది."

వదినకి రోజుకి ఒక్క లీటరు నీళ్లు. టీ అయినా, మాత్ర మింగే గుక్కయినా అందులోంచే. నోరు పిడచకట్టుకుపోతుంటే ఎవరితోనైనా మాట్లాడదామని చేసిందట. మా ఆయన తన ఆకలి కథంతా చెప్పుకొచ్చారు. పూర్తిగా వినకుండానే వదిన అందుకుంది.

"మొదట్లో నేనూ నీలాగే తెలివితక్కువ పని చేశాన్రా. పొద్దునంతా ఓర్చుకునేదాన్ని, సాయంత్రానికి తట్టుకోలేక సీసా ఎత్తేసేదాన్ని. మర్నాడు మిషన్ దగ్గర ప్రాణం పోయేది. అక్కడి నర్సమ్మ చెప్పింది, దాహం ఎప్పుడు ఎక్కువో నీళ్లు అప్పటికి దాచుకోమని. నా దాహం పొద్దునే కదా, ఇప్పుడు సగం సీసా పదిలోపే తాగేస్తున్నా. మిగతా సగంతో రాత్రిదాకా లాక్కొస్తున్నా. అదే లీటరు, జరిపానంతే."

"అయితే?"

"అయితే ఏంట్రా? నీ ఆకలి పొద్దున కదా! రాత్రి తినేది తెచ్చి పొద్దున పెట్టుకో."

"పొద్దున తింటే బరువు పెరగదూ?"

"తినకుండా ఎంత తగ్గావో చెప్పు."

మా ఆయన ఫ్రిజ్ తలుపు మూసేశారు.

"ఫోన్ మీ ఆవిడకివ్వు" అంది వదిన.

ఇంకేముంది, ఆర్డర్లు. లేవగానే తిననివ్వద్దు, ముందు మొహం కడుక్కుని తనతో మాట్లాడాలి. అయిదున్నరకి కూర్చోబెట్టి కడుపునిండా పెట్టాలి. రాత్రి ఏడింటికల్లా చిన్న గిన్నెలో ముగించాలి. ఇంట్లో బిస్కెట్లుండకూడదు. డబ్బాల వరస చెప్పిన గొంతే అది. ఒళ్లు మండినా ఊ కొట్టాను. ఆసుపత్రిలో తిండి సంగతి చూసే అమ్మాయిని అడిగితే అదే మంచిదంది, ఏమేం పెట్టాలో కాగితం మీద రాసిచ్చింది. రెండు ఉడకబెట్టిన గుడ్లు, గుప్పెడు శనగలు, కూరగాయలు, చిన్న గిన్నెడు పెరుగు.

మొదటి నాలుగు రాత్రులూ ఆయన నాకు కంటి మీద కునుకు లేకుండా చేశారు. చిన్న గిన్నె చూసి, "ఇది పిల్లి కోసమా?" అనేవారు. నాకూ కష్టంగానే ఉండేది, ఇంకో గరిటె వేయడానికి ఆ గిన్నెలో చోటేదీ? అయిదో రోజుకి కుదుటపడ్డారు. పొద్దున లేవగానే ఆకలి వేసేది, వేయకుండా పోలేదు. కానీ అయిదున్నరకి తిండి ఉందని తెలిశాక దానికి ఆ విసురు తగ్గింది. ఫోన్‌లో ఓ పావుగంట మాట్లాడేసరికి దానంతటదే సద్దుమణిగేది కూడా. తొమ్మిదింటికి చేతులు వణకడం మానేశాయి. డ్రైవర్లు బిస్కెట్లు ఇవ్వబోతే, "మా అక్క ఒప్పుకోదు" అనేవారట, నలభై ఏడేళ్ల మనిషి!

ఆ ఫోన్లు వినడం నాకు అలవాటైపోయింది. గుడ్లు ఉడుకుతుంటే ఇద్దరూ చిన్నప్పటి దెబ్బలాటలు మళ్లీ మొదటినుంచి ఆడుకునేవారు. ఒక్కోరోజు మాటలుండేవి కావు. ఆవిడ అటు మంచుముక్క చప్పరిస్తూ, ఈయన ఇటు గోడ గడియారం చూస్తూ అలా ఉండిపోయేవారు. ఒక పొద్దున ఆవిడకి ఆయాసంగా ఉండి మూడు మాటలకే పెట్టేసింది. మా ఆయన ఆ రోజు తింటూ తింటూ లేచి వెళ్లి చొక్కా తొడుక్కుని, రాత్రంతా తెరిచుండే మందుల షాపు ముందున్న చిన్న తూకం మిషన్ ఎక్కి వచ్చారు. ఆ రోజు తొంభై అయిదు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆ షాపు ముందు చెప్పులు విప్పేవారు. తొంభై మూడు. తొంభై. ఎనభై ఆరు దగ్గర రెండు వారాలు మొండికేసింది. ఆ రెండు వారాలూ రాత్రి గిన్నె ఇంకా చిన్నది చేసింది నేనే. ఎప్పుడు అటు తిరిగానో నాకే తెలియదు.

గడువు రోజున ఖాళీ కడుపుతో రమ్మన్నారు, రక్తం తీసుకోవాలని. ఆసుపత్రి మిషన్ ఎనభై నాలుగు కిలోల ఆరు వందల గ్రాములు చూపించింది. అమ్మయ్య అనుకునేలోపే డాక్టరమ్మ ఆయన్ని ఒక్కరినే గదిలోకి రమ్మని తలుపేసింది. బయట బెంచీ మీద నేనూ వదినా మిగిలాం.

"ఆయన్ని ఒక్కరినే ఎందుకు పిలిచారు వదినా?"

"నేనే పిలవమన్నాను. ఇష్టమై ఇస్తున్నాడా, నా మొహం చూసి ఇస్తున్నాడా అని అడగమన్నాను. నేనడిగితే వాడు కాదనలేడు. ఇష్టం లేదంటే, పరీక్షల్లో కుదరలేదని మాత్రమే డాక్టరమ్మ మనకి చెబుతుంది. అసలు సంగతి నీకూ తెలియదు, నాకూ తెలియదు. నువ్వు ఇంటికెళ్లి తవ్వి అడగొద్దు."

ఇన్నాళ్లూ నా వంటింటి మీద అధికారం చేసిందని సణుక్కున్న మనిషి, తన ప్రాణం మీద అధికారం తీసుకెళ్లి తమ్ముడి చేతిలో పెట్టి కూర్చుంది. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"వదినా, మొదట్లో రాత్రిళ్లు ఆయనకి ఎక్కువ పెట్టాను. బరువు తగ్గకూడదనే."

"తెలుసమ్మా" అంది. "వాడి బరువు కదలకపోతే నాకు అర్థం కాదా? నీ చోట నేనున్నా అదే చేసేదాన్ని." నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, ఎండిపోయి ఉంది.

పావుగంట, ఇరవై నిమిషాలు. తలుపు తెరుచుకోలేదు. కాదంటున్నారేమో అనుకున్నాను. నాలుగు నెలల కిందట ఆ మాట కోసమే మొక్కుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాకూడదని మొక్కుకున్నాను.

తలుపు తీసుకుని ఆయన వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిన్నగా వదిన ముందుకొచ్చి నిలబడ్డారు.

"భయమేస్తోందని చెప్పానక్కా. నాలుగు నెలల్నించీ భయంగానే ఉందని చెప్పేశా. చెప్పాక ఇవ్వాలనే ఉందని కూడా చెప్పా. వచ్చే నెల పదకొండు ఖాయం చేశారు."

"నువ్వు కాదన్నా నేనేమీ అనుకునేదాన్ని కాదురా."

"తెలుసు. అందుకేగా అవునన్నది."

వదిన లేవబోయి లేవలేకపోయింది. ఆయనే వంగి, ఆవిణ్ని పట్టుకుని పక్కన కూర్చున్నారు. మా ముగ్గురికీ ఆ బెంచీ చాలలేదు, అయినా ఎవరం లేవలేదు.