సూది గుచ్చని కట్ట

మా అన్నయ్యని వీధిలో అందరూ రాక్షసులాయన అంటారు. చూస్తే పిల్లి ఎదురొచ్చినా పక్కకి తప్పుకునే మనిషి. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో నిలబడి ఉత్తరాలు ఏ ఊరివి ఆ ఊరి అరలో పడేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, రాక్షసుల్ని పుట్టించేవాడు. పదకొండు నవలలు! మబ్బుల్లో మేకలు కాసే రాక్షసి, గవ్వలో కాపురం పెట్టిన రాజు, అన్నీ ఆ బుర్రలోంచి ఊడిపడ్డవే.

నేను టైలర్ని. డెబ్భై ఏళ్ళు దాటినా సూదిలో దారం నేనే ఎక్కించుకుంటాను, ఎవరి సాయమూ అక్కర్లేదు. కుట్టు నేర్చుకునే రోజుల్లో, నాకు పదహారేళ్ళప్పుడు, ఓ లంగా అంచు మడిచి గుండుసూదులు పెడుతుంటే అన్నయ్య తన మొదటి నవల కాగితాలు తెచ్చి "చదివి చెప్పవే" అన్నాడు. చెప్పడం నాకేం వచ్చు? విసుగొచ్చిన చోటల్లా కాగితం అంచుకి ఓ సూది గుచ్చి ఇచ్చేశాను. పందొమ్మిది సూదులు. మూడ్రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. నాలుగోరోజు మొత్తం తిరగరాసి తెచ్చాడు.

అది మొదలు, నా చేతి మీదుగా పోకుండా అన్నయ్య రాసింది ఏదీ అచ్చుకి వెళ్ళలేదు. ఎందుకు గుచ్చావని ఆయన అడగకూడదు, నేను చెప్పకూడదు. అదీ మా ఒప్పందం. దిద్దుకున్నాక సూదులన్నీ డబ్బాలో వేసి తిరిగిచ్చేవాడు.

పోయినేడు అన్నయ్య గుండె ఒకసారి మొరాయించింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నవలల జోలికి పోలేదు, చిన్న కథలు పట్టుకున్నాడు. పద్నాలుగు రాశాడు. పళ్ళూడిన మంత్రగత్తెలు, మోకాళ్ళ నొప్పుల రాక్షసులు, అందరికీ పాత రోజుల మీదే బెంగ. కట్ట తెచ్చి నా కత్తిరింపుల బల్ల మీద పెట్టాడు.

"ఇదే నా ఆఖరి పుస్తకం. అచ్చేసే అమ్మాయి నా మీద గౌరవంతో ఒక్క అక్షరం కూడా ముట్టుకోనంటోంది. ఇక నువ్వే దిక్కు" అన్నాడు.

చదివాను. ఏం చెప్పమంటారు? రెండు కథలకి కళ్ళు తుడుచుకున్నాను. నాలుగైదు పర్లేదు. మిగతావి ఉప్పూ కారం లేనివి. ఓ మాంత్రికుడు ఎనిమిది పేజీలు కళ్ళజోడు వెతుకుతాడు. ఇంకొకడు నోరు తెరిస్తే చాలు, "ఆ రోజులే వేరు" అంటాడు. నా చెయ్యి దానంతటదే సూదుల మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడే వదిన ఫోను. "ఈసారికి సూదులు పక్కన పెట్టమ్మాయ్. ఆ గుండె తట్టుకోలేదు" అంది. వదిన నన్ను ఏదైనా అడగడమే అరుదు. సరేనన్నాను. నా బుద్ధి గడ్డి తింది.

మర్నాడు కట్ట తీసుకెళ్ళి ఇచ్చాను. అన్నయ్య పేజీల అంచుల వెంట బొటనవేలు పోనిచ్చాడు, మొదటి నుంచి చివరిదాకా.

"ఒక్కటి కూడా లేదేంటి?"

"అన్నీ బాగున్నాయి అన్నయ్యా."

నేను తేలు కుట్టిన దొంగలా టీ తాగేసి బయటపడ్డాను.

రెండ్రోజులకి వదిన మళ్ళీ ఫోను చేసింది. అన్నయ్య అచ్చేసే అమ్మాయికి పుస్తకం వద్దని చెప్పేశాడట. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడట. కొట్టు మూసి, మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండు విప్పడం కూడా మర్చిపోయి పరిగెత్తాను.

కథల కట్టకి పురికొస చుట్టి ఉంది. అటక ఎక్కించడానికి స్టూలు కూడా ఎక్కాడు మహానుభావుడు!

"ముందు దిగు. ఏంటీ నాటకాలు?"

"యాభై ఏళ్ళకి పైగా గుచ్చావు. నాకు పెళ్ళయిన వారం కూడా వదల్లేదు. ఇప్పుడు చెయ్యి రాలేదంటే ఏంటి అర్థం? పోయినవాళ్ళకే ఎవరూ తప్పులు పట్టరు. నేను పోయాననేగా నీ లెక్క?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. పురికొస పళ్ళతో తెంపేశాను.

"ఇదిగో, ఈ కళ్ళజోడు కథ. రెండో పేజీలోనే నెత్తి మీద ఉందిరా అని అరవాలనిపించింది. ఇదిగో సూది! ఈ 'ఆ రోజులే వేరు' గాడికి మూడు. ఈ పెరటి కథ కథే కాదు, తీసి అవతల పారెయ్!"

"పారెయ్యను! అది మన అమ్మ పెరడే!"

"అయితే అమ్మని పెట్టు అందులో. ఉత్త మొక్కలే ఉన్నాయి."

ఒప్పందం గాల్లో కలిసిపోయింది. ఇద్దరం జుట్టూ జుట్టూ పట్టుకోవడం ఒక్కటే తక్కువ. వదిన గుమ్మంలో నిలబడి బిక్కచచ్చి చూస్తోంది. అన్నయ్య మాత్రం మొహం ఎర్రగా చేసుకుని, వీపు వెనక దిండు తోసేసి, పోస్టాఫీసు రోజుల్లోలా నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. నాలుగు కథలు తనే తీసేశాడు. మూడింటి మీద సూదులు పీకి నా చేతిలోనే పెట్టేశాడు. అవి చప్పగానే ఉన్నాయి, అలాగే అచ్చవుతాయి, ఆయన ఇష్టం.

ఆఖరి కథ మిగిలింది. నన్ను ఏడిపించిన రెండిట్లో అదొకటి. ముసలి రాక్షసుడు ఒకప్పుడు తను గడగడలాడించిన ఊరికి తిరిగొస్తాడు. ఎవరూ పట్టించుకోరు. ఒక ముసలమ్మ మాత్రం జాలిపడి, భయపడ్డట్టు కేక పెడుతుంది. రాక్షసుడు మురిసిపోయి వెళ్ళిపోతాడు. చివరి పేజీకి సూది గుచ్చాను.

"ఇక్కడెందుకు?" అన్నాడు.

"వాడికి తెలీదా అది దొంగ కేకని? నీకు తెలిసిందిగా."

అన్నయ్య జేబులోంచి కలం తీశాడు. చివరి పేరా కొట్టేసి, నాలుగు వాక్యాలు రాసి, పైకి చదివాడు.

"ముసలమ్మ చీపురు తిరగేసి రాక్షసుడి మోకాలి మీద ఒక్కటిచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావురా, అంది. రాక్షసుడు ఊరంతా వినబడేలా నవ్వాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు."

ఈసారి నా చెయ్యి సూది మీదికి పోలేదు. ఆయన దాని వంకే చూస్తున్నాడు.

"నిజంగానేనా? లేక మళ్ళీ జాలా?"

"నీ మీద ఒట్టు అన్నయ్యా."

"ఒట్లు నాకొద్దు."

ఇక గుచ్చే చోటే లేదన్నట్టు సూదుల దిండు మణికట్టు నుంచి విప్పి, ఆయన చేతిలో పెట్టాను. అప్పుడు నమ్మాడు.