నిండుగా ఎక్కి నిండుగా దిగిన సీసా

మైదానం చుట్టూ ఆఖరి చుట్టు ముగించి గీత దాటగానే ఆమె కళ్ళు వెతికేది గడియారాన్ని కాదు, గోడని. గోడకి చెయ్యి ఆనించి నిలబడితే తప్ప ఆ తర్వాత జరిగేదాన్ని తట్టుకోలేదు. ముందు కణతల దగ్గర మొదలవుతుంది, ఇనుప తాడు చుట్టి బిగించినట్టు. మెల్లగా నడినెత్తికి పాకుతుంది. వెంటనే కడుపులో దేవుతుంది. ఆ సాయంత్రమూ అంతే. వంగి, తాగిన నీళ్ళన్నీ గోడ మొదట్లో కక్కేసి, చొక్కా చేతితో మూతి తుడుచుకుంది.

"టైం బాగుందే," అన్నాడు మొగుడు ఫోను చూసుకుంటూ. "ఇంకో పది సెకన్లు తగ్గితే పాసే."

"నోర్ముయ్ బావా. తల పగిలిపోతోంది."

"పరిగెత్తేది కాళ్ళు కదా, మధ్యలో తలకేం నొప్పి?"

చేతిలో ఏది ఉంటే అది విసిరేదే. ఖాళీ నీళ్ళసీసా ఉంది. విసిరింది. గురి మాత్రం తప్పలేదు. ఆమె గురి ఎప్పుడూ తప్పదు, అదే ఆమె వృత్తి.

ఆమె టవర్ క్రేన్ నడుపుతుంది. కట్టడం దగ్గర అందరికంటే ఎత్తున, అద్దాల గదిలో కూర్చుని ఇనుప కట్టలూ కాంక్రీటు బకెట్లూ ఎత్తి దించుతుంది. అక్కణ్ణుంచి చూస్తే మనుషుల ముఖాలు కనపడవు, హెల్మెట్ల నెత్తులు కనపడతాయి. కింద ఏ మూల ఎవరు బీడీ ముట్టించినా పైనుంచి పట్టేస్తుందని కూలీలు గద్ద అని పేరు పెట్టారు. ఆమెకి ఆ పేరు ఇష్టమే. మొగుడూ అలాగే పిలుస్తాడు, కాకపోతే అతని పిలుపులో కాస్త వెటకారం కలుస్తుంది.

ఈ పని ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మొదట్లో సామాన్లు ఎక్కించే లిఫ్టు దగ్గర బటన్లు నొక్కేది. పని తక్కువగా ఉన్నప్పుడల్లా క్రేన్ గదిలోకి ఎక్కి, నడిపేవాడి వెనక నిలబడి చేతులు చూసేది. లైసెన్సు పరీక్షకి వెళ్ళేనాటికి చెయ్యి తయారైపోయింది. వేలాడే బరువు ఊగడం మొదలుపెడితే కొత్తవాళ్ళు భయపడి లివరు వెనక్కి లాగుతారు, ఊపు ఇంకా పెరుగుతుంది. ఆమె ఊపు వెంటే పోనిస్తుంది. బరువు ఆ చివరికి వెళ్ళి తిరగబోయే క్షణంలో కొక్కేన్ని సరిగ్గా దాని నెత్తిమీదికి తెస్తుంది. అంత బరువూ మేకుకి తగిలించిన చొక్కాలా కదలక నిలిచిపోతుంది.

ఇంత పనితనం ఉన్న మనిషికి పరుగు గోల ఎందుకంటే, ఒక మంట వల్ల. కిందటేడు ఆమె క్రేన్ గదిలో ఉండగా ఎదురు వీధిలో ఓ భవనం అంటుకుంది. అగ్నిమాపక వాళ్ళ నిచ్చెన బండి వచ్చింది. ఇరుకు వీధి, అడ్డంగా కరెంటు తీగలు, పైగా గాలి. నిచ్చెన నడిపేది ఎవరో ఆమెకి కనపడలేదు, కనపడింది పనితనం. నిచ్చెన చివరి తొట్టిని తీగల సందులోంచి పోనిచ్చి, పై అంతస్తు కిటికీ అంచుకి, గాజుగ్లాసు బల్లమీద పెట్టినంత మెత్తగా ఆనించారు. ఓ ముసలావిడ గుమ్మం దాటినట్టు అందులోకి అడుగు పెట్టింది.

"అమ్మాయ్! నిద్రపోయావా?" కింద సిగ్నల్ చెప్పే పెద్దాయన వాకీటాకీలో అరిచాడు. ఆయన్ని ఆమె బాబాయ్ అంటుంది.

"లేదు బాబాయ్. పని చూస్తున్నా."

"ఎవరి పనో తర్వాత చూద్దువు గానీ, ఇక్కడ నా నెత్తిన ఇనుము వేలాడుతోంది!"

ఆ నిచ్చెన నడపాలన్న కోరిక ఆ రోజు పట్టుకుంది. అగ్నిమాపక శాఖలో దరఖాస్తు పెట్టుకుంది. కానీ నిచ్చెన దాకా పోవాలంటే ముందు పరుగు పరీక్ష దాటాలి. ఈ ఏడాది దాటకపోతే వయసు దాటిపోతుంది, మళ్ళీ రానివ్వరు. పరుగు చూస్తే గోడ దగ్గరే ఆగింది. ఒక సాయంత్రం గట్టిగా పరిగెత్తితే మర్నాడంతా తల దిమ్ముగా ఉండేది. ఆ మర్నాడు పరిగెత్తడానికి భయమేసేది. భయపడి మానేస్తే కాళ్ళు మొద్దుబారేవి.

సలహాలకి కొదవ లేదు. అత్త "ఉత్త కడుపుతో ఉరికితే ఇంతే" అని బయల్దేరే ముందు దగ్గర కూర్చుని తినిపించింది. తిన్నదీ గోడ పాలైంది. మొగుడు బస్సుల షెడ్డులో మెకానిక్కు. బూట్లు మార్పించాడు, టోపీ తెచ్చాడు, నుదుటికి రాసుకునే మందు తెచ్చాడు. డాక్టరు దగ్గరికీ వెళ్ళింది. ఆయన బీపీ చూశాడు, కళ్ళు చూశాడు, రక్తం పరీక్ష చేయించాడు. అన్నీ బాగున్నాయి.

"నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా అమ్మా?"

"తాగుతున్నానండీ. పనికి సీసా పట్టుకెళ్తా, రోజూ ఖాళీ అయిపోతుంది."

అబద్ధం కాదు. సీసా రోజూ ఖాళీ అవుతోంది. ఏ వేళకి ఖాళీ అవుతోందో ఆయన అడగలేదు, చెప్పాలని ఆమెకీ తోచలేదు. ఇంకా తగ్గకపోతే మళ్ళీ రమ్మని ఆయన పంపేశాడు. జబ్బేదీ లేదన్న మాటకి సంతోషించాల్సింది పోయి ఆమెకి ఒళ్ళు మండింది. జబ్బుంటే మందైనా ఉండేది.

ఇంతలో క్రేన్ ఆగింది. తీగతాడు మార్చి బ్రేకులు విప్పి చూడాలని ఫిట్టర్లు వచ్చారు. ఆ వారమంతా ఆమె కిందే ఉండి, వాళ్ళతో పాటు తాడుకి గ్రీజు పూసింది, కప్పీలు తుడిచింది. సాయంత్రం మామూలుగా మైదానానికి వెళ్ళి పరిగెత్తి, గోడ పట్టుకుని నిలబడింది. ఏమీ కాలేదు. మర్నాడూ కాలేదు. ఆ వారంలో ఒక్కరోజు కూడా కక్కలేదు.

ఇంట్లో మాత్రం గొడవ మొదలైంది.

"నా చేతి తిండి ఒంటికి పట్టింది," అంది అత్త.

"తిండి కాదమ్మా, బూట్లు. చెప్పానా లేదా?"

"నీ మొహం. బూట్లు తలకి తొడుక్కుంటుందా?"

ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకోనీ అనుకుని ఆమె నవ్వుకుంది. వారం తిరిగాక మళ్ళీ క్రేన్ ఎక్కింది. అదే తిండి, అవే బూట్లు, అదే టోపీ. సాయంత్రం అదే గోడ.

ఈసారి కక్కుతున్నంతసేపూ ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే తల ఇంకా నొప్పెడుతుందని ఏడవలేదు. బూట్లు విప్పి ఒకటి ఇటూ ఒకటి అటూ విసిరేసి నేలమీద కూలబడింది. మొగుడు ఈసారి జోకులేయలేదు. రెండు బూట్లూ ఏరుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

"బండి బాగై మళ్ళీ చెడిందంటే మధ్యలో ఏం మారిందో చూడాలే. ఒక్కోటి మార్చి చూస్తే దొరుకుతుంది. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవడికి తెలుసు?"

"అన్నీ ఒకేసారి మార్పించింది నువ్వే కదా!"

"అదీ నిజమే," అని ఒప్పుకున్నాడు. "సరే, ఆ వారం ఏం మారింది?"

"కింద ఉన్నా. అంతే."

"పైన ఏముంది?"

పైన ఎండ ఉంది, గాలి ఉంది, ఊగే గది ఉంది. ఇన్నేళ్ళూ ఉన్నవే. రాత్రంతా ఆలోచించినా ఇంకేమీ తట్టలేదు.

మర్నాడు సాయంత్రం పని ముగించి క్రేన్ నిచ్చెన మీద కిందికి వస్తుంటే భుజాన సంచి మెట్టుమెట్టుకీ తుంటికి తగులుతోంది. రోజూ తగిలేదే, రోజూ విసుక్కునేదే. సగం దిగాక ఆమె ఆగిపోయింది. అంత బరువుగా ఎందుకుంది? ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో సంచి తడిమింది. సీసా. పొద్దున ఎంత నిండుగా ఎక్కిందో అంత నిండుగా దిగుతోంది.

కింద ఉన్న వారంలో గ్రీజు చేతులతోనే డ్రమ్ము దగ్గరికి పోయి, ఫిట్టర్లతో పాటు గంట గంటకీ తాగింది. పైన మాత్రం పెదాలు తడుపుకోవడమే. తాగితే దిగాలి. దిగితే మళ్ళీ ఎక్కాలి, ఈలోగా కింద పని మొత్తం ఆగాలి, సూపర్‌వైజర్ అరవాలి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి చూస్తే ఆ చివరెక్కడో సిమెంటు గోడౌను వెనక ఉంది. ఏ లివరు ఎప్పుడు లాగాలో నేర్చుకున్న రోజుల్లోనే తాగకుండా ఉండడమూ నేర్చుకుంది. తాగకూడదని ఎవరూ చెప్పలేదు. అద్దాల గదిలో పగలంతా ఎండకి ఎండడం, దిగాక మైదానంలో సీసా మొత్తం ఒక్క గుక్కలో గొంతులో పోసుకోవడం, ఆ కడుపుతోనే పరుగు లంకించుకోవడం. అలవాటు కనుక అది ఆమె కంటికే ఆనలేదు. కింద ఎవరో బీడీ ముట్టిస్తే మాత్రం కనపడేది.

దిగి బాబాయ్‌కి చెప్పింది.

"ఓసి పిచ్చిదానా!" అన్నాడాయన. "నీకు ముందున్నవాడు రెండు సీసాలు పట్టుకెళ్ళేవాడు. ఒకటి నిండుది, ఒకటి ఖాళీది. సాయంత్రానికి తారుమారు."

"మగాడు, వాడికి చెల్లింది బాబాయ్."

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది.

"ఇవాళ్టినుంచి పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి దిగుతాను సార్."

"ఎందుకు?"

"దిగాలి కాబట్టి."

"ఇన్నాళ్ళూ లేని అవసరం ఇప్పుడెందుకొచ్చింది?"

"ఇన్నాళ్ళూ ఉంది సార్. నేనే ఆపుకున్నా."

ఆయన ముఖం తిప్పుకుని, "నువ్వు దిగితే ఇంతమందీ చేతులు కట్టుకు నిలబడాలమ్మా," అన్నాడు.

"నిలబడనివ్వండి. వాళ్ళు మాత్రం వెళ్ళిరారా?"

ఆయన జవాబు కోసం ఆగకుండా ఆమె ఎక్కింది. పొద్దెక్కాక తాడుకి వేలాడుతున్న బకెట్టు దించి, కొక్కెం పైకి లాగి, క్రేన్ చెయ్యి గాలివాటున తిరిగేలా బ్రేకు వదిలేసి నిచ్చెన పట్టింది. కింద పని ఆగింది. సూపర్‌వైజర్ సరిగ్గా నిచ్చెన మొదట్లో వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు.

"సార్, కాస్త పక్కకి జరగండి," అన్నాడు బాబాయ్ సిగ్నల్ జెండా ఊపుతూ. "లోడు దిగుతోంది."

కూలీలంతా గొల్లుమన్నారు. సూపర్‌వైజర్ జరిగాడు. ఆ తర్వాత రోజూ సణిగాడు గానీ ఆపలేదు.

మంత్రం వేసినట్టు తగ్గలేదు. పొద్దుట్నుంచీ కొంచెం కొంచెం తాగడం, పరుగు ముందు కడుపు నింపకపోవడం ఒంటికి అలవాటు కావడానికి కొన్నాళ్ళు పట్టింది. మధ్యలో రెండుసార్లు తల నొప్పెట్టింది, తిట్టుకుంది. తర్వాత తర్వాత గోడ అవసరం తగ్గింది. పోగొట్టుకున్న నెలల పరుగు మాత్రం తిరిగి రాలేదు. ఆమె టైం, పాసయ్యే గీతకి అటూ ఇటూ ఊగుతుండగానే పరీక్ష రోజు వచ్చిపడింది.

మైదానం నిండా ఆడవాళ్ళు. తెల్లవారకముందే రమ్మన్నారు, ఎండెక్కినా పిలవడం మొదలుపెట్టలేదు. ఆమె వరసలో నిలబడి సీసా తీసి రెండు గుక్కలు తాగింది. వెనకున్న అమ్మాయి పెదాలు తడుపుకుంటూ అటే చూస్తోంది.

"తాగుతావా?"

"వద్దక్కా. పొద్దుట్నుంచీ చుక్క ముట్టలేదు. అటు చూడు." మూలనున్న మరుగుదొడ్డి తలుపుకి తాళం వేలాడుతోంది.

గద్ద చూసింది. వరస మొత్తం చూసింది. ఒక్కరి చేతిలోనూ సీసా లేదు. కణతలు అదిరాయి, నొప్పితో కాదు. నేరుగా కాపలావాడి దగ్గరికి నడిచింది.

"తాళంచెవి ఇవ్వు."

"ఆఫీసువాళ్ళు రావాలమ్మా. ఇంతకీ పరుగుకొచ్చావా, ఇందుకొచ్చావా?"

"రెంటికీ. ముందు ఇది, తర్వాత అది."

"ఈలోగా నీ నంబరు పిలిచేస్తారు, తర్వాత నీ ఇష్టం."

నంబరు పోతే ఈ ఏడాది పోయినట్టే, ఈ ఏడాది పోతే నిచ్చెన పోయినట్టే. అయినా కదల్లేదు, చెయ్యి చాపి నిలబడింది. వెనక అడుగుల చప్పుడైంది. వరసలోంచి ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక చేరుతున్నారు. కాపలావాడు అందరినీ ఓసారి చూసి, గొణుక్కుంటూ జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆఫీసూ లేదు, ఏమీ లేదు, వాడి జేబులోనే ఉంది. ఆమె దాన్ని అందుకుని తలుపు తెరిచింది.

"ఇప్పుడు తాగు," అంది ఆమె ఆ అమ్మాయికి సీసా ఇచ్చి. "రెండు గుక్కలే. మొత్తం తాగావో, మా ఊళ్ళో ఓ గోడ ఉంది, దాన్నడుగు ఏమవుతుందో."

ఆమె నంబరు పిలిచేసరికి పరుగు పరుగున గీత దగ్గరికి వచ్చింది. ఊపిరి తీసుకునే లోపే ఈల మోగింది. ఆఖరి చుట్టులో కాళ్ళు సీసంలా బరువెక్కాయి. కంచె అవతల మొగుడు ఏదో అరుస్తూ రెండు చేతులూ ఊపుతున్నాడు. ఇంకా ఉంది అంటున్నాడో, అయిపోయింది అంటున్నాడో అర్థం కాలేదు. గీత దాటింది. దాటగానే కాళ్ళు వాటంతట అవే అక్కడి గోడ వైపు నడిచాయి.

చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. గుండె దడదడలాడుతోంది. పిక్కలు వణుకుతున్నాయి. తల మాత్రం తేలిగ్గా ఉంది. కడుపు కదల్లేదు. అంత తేలికలోనూ ఆమెకి కోపమే వచ్చింది. ఒక తాళం, ఒక దూరపు తలుపు. వీటివల్ల ఇన్ని నెలలు తన ఒంటిని తిట్టుకుంది.

"పాసయ్యారు, చివరి క్షణంలో," అన్నాడు స్టాప్‌వాచీ పట్టుకున్నాయన. "నిచ్చెన పరీక్ష అటు. త్వరగా వెళ్ళండి."

రెండడుగులు వేశాక జేబులో ఏదో గుచ్చుకుంది. తాళంచెవి. దాన్ని జేబులో వేసుకునే అంత దూరమూ పరిగెత్తింది. దూరం నుంచి కాపలావాడు చెయ్యి చాపుకుంటూ వస్తున్నాడు. ఆమె వాడివైపు వెళ్ళలేదు. వరసలో ఇంకా పిలుపు కోసం నిలబడ్డ ఆ అమ్మాయి గుప్పిట్లో తాళంచెవి పెట్టింది.

"అందరూ అయ్యాకే వాడికి ఇవ్వు," అని చెప్పి నిచ్చెన వైపు నడిచింది.