ఎఫికసీకి అతను రాసిన అర్థం

మందుల పెట్టెలో మడతలు పెట్టిన సన్నకాగితం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని విప్పకుండానే పారేస్తారు. ఆ కాగితం మీది ఇంగ్లీషును తెలుగు చేయడమే అతని ఉద్యోగం. అచ్చాఫీసు మేడమీద, కిటికీ తెరిస్తే యంత్రాల హోరు, మూస్తే సిరా వాసన నిండే గదిలో ఇరవై రెండేళ్లుగా అదే పని. కింద పనివాళ్లు అతన్ని డిక్షనరీ బాబాయ్ అనేవారు. పెళ్లి చేసుకోలేదు. మాటలతోనే కాపురం చేస్తున్నాడని వాళ్ల వేళాకోళం.

మాటల విషయంలో అతను మహా పట్టింపు మనిషి. ఎఫికసీకీ, ఎఫెక్టివ్‌నెస్‌కీ కలిపి అందరూ ‘సమర్థత’ అని రాసి చేతులు దులుపుకుంటారని విసుక్కునేవాడు. ఎఫికసీ అంటే పరీక్షలో తేలిన గుణం. ఏరి తెచ్చుకున్న రోగులు, వేళ తప్పకుండా మింగించే నర్సులు, వారం వారం రక్తపరీక్షలు, వాటి మధ్య మందు చూపిన ఫలితం అది. ఎఫెక్టివ్‌నెస్ అంటే మామూలు ఇళ్లలో, మింగడం మరిచిపోయేవాళ్లకూ నాలుగు జబ్బులున్నవాళ్లకూ అదే మందు చేసే మేలు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదని ఒకసారి ఫోర్‌మన్‌కు గంటసేపు చెప్పాడు. ఫోర్‌మన్ అంతా విని, టీ చల్లారిపోయిందన్నాడు.

అలాంటి మనిషి ఒక్కసారి రాజీపడ్డాడు. కడుపులో గడ్డలకు వాడే మాత్రల కాగితం వచ్చింది. పరీక్షలో పాల్గొన్నవారిలో కొందరికి గడ్డ చిన్నదైనట్టు కనిపించిందని ఉన్నదున్నట్టు రాశాడు. ఆ వాక్యం మడత దాటిపోతోందని ఫోర్‌మన్ ప్రూఫు పట్టుకుని మేడెక్కాడు. మందుల కంపెనీ బండి అప్పటికే వాకిట్లో ఉంది. అతను వాక్యం కొట్టేసి, ‘ఈ మాత్రలు గడ్డను సమర్థంగా తగ్గిస్తాయి’ అని పైన రాశాడు. సరిగ్గా ఒక వరుసలో ఇమిడింది.

మరుసటి ఏడాది అక్కకు కడుపునొప్పి మొదలైంది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. డాక్టరమ్మ స్కానింగు చూసి రెండు దారులు చెప్పింది. ఆపరేషనైతే గడ్డ పోయే అవకాశం ఎక్కువ. మరీ భయమైతే మాత్రలు కొన్నాళ్లు వాడి చూడొచ్చు, కానీ అందరికీ పనిచేస్తాయని మాటివ్వలేనంది. అతను అప్పుడు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి అక్క మాత్రలు మొదలుపెట్టేసింది.

ఆపరేషన్ ఎందుకు వద్దన్నావని అడిగితే, ఆవిడ దిండు పక్కన పెట్టుకున్న కళ్లజోడు కింద నుంచి ఆ మాత్రల కాగితం తీసింది. అడుగున చిన్న అక్షరాల్లో అతను పనిచేసే అచ్చాఫీసు పేరు ఉంది.

“డాక్టరమ్మ ఊరికే నసిగిందిరా. ఇది చూపించి, ఇదిగో మా తమ్ముడు రాసిందే, వాడు లేనిది రాయడు అన్నాను.”

అతను మంచం పట్టీ మీద కూర్చుని, ఆ వాక్యం తప్పని, జాగా చాలక కుదించానని, పరీక్షలో కొందరికే తగ్గిందని ఒక్కొక్కటే చెప్పాడు. ఆవిడ నవ్వింది.

“నన్ను కోయించడానికి అబద్ధాలు కూడా నేర్చావా?”

తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అంతే. అసలు ఇంగ్లీషు కాగితం తెచ్చి వేలుపెట్టి చదివినా, నాకు రాని భాషలో నువ్వేం చెప్పినా చెల్లుతుందంది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన బావ ఆవిడ చేతులు పట్టుకుని బతిమాలాడు. డాక్టరమ్మ కోప్పడింది. ఆవిడ మాత్రం వేళ తప్పకుండా మాత్రలు మింగుతూ, నొప్పి తగ్గిందనే చెప్పేది. అయిదో నెలలో మళ్లీ స్కానింగు తీశారు. గడ్డ కాలేయానికి పాకింది. ఇప్పుడు ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు.

అతను మందుల కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాశాడు. మళ్లీ అచ్చేసేటప్పుడు సరిదిద్దుతామని జవాబొచ్చింది. అన్నట్టే సరిదిద్దారు. నిజమైన వాక్యమంతా పట్టడానికి అక్షరాలు తగ్గించారు. అతనికే భూతద్దం కావలసి వచ్చింది.

ఆస్పత్రిలో చివరి వారం అక్క మాటలు కూడబలుక్కుని మాట్లాడేది. ఒక మధ్యాహ్నం హఠాత్తుగా అడిగింది.

“కొందరికి తగ్గిందన్నావే, ఎంతమందికిరా?”

“నూటికి ముప్ఫై మందికి.”

“తక్కువేం కాదు. అందులో నేను లేనంతే. నువ్వు దాన్ని మనసులో పెట్టుకుని కుమిలిపోకు.”

అంటే తన మాట చివరికి నమ్మింది. ఆ నమ్మకం ఇంకెందుకూ పనికిరాదు. అతను వరండాలోకి వెళ్లి గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. మూడు రోజులకు ఆవిడ పోయింది.

ఉద్యోగం మానేద్దామనుకున్నాడు గానీ వేరే పని రాదు. మేడమీది గదికి ఇప్పటికీ వెళ్తున్నాడు. ఇప్పుడు ఫోర్‌మన్ ఏ వాక్యం జాగాకు ఎక్కువైందన్నా, కుదించనని చెప్పి, అచ్చుకు ముద్దరేయకుండా ప్రూఫు వెనక్కి తోసేస్తాడు. ఆ పట్టుదల వల్ల ఎవరికైనా మేలు జరిగిందో లేదో అతనికి తెలిసే దారి లేదు.

బావ అతన్ని ఒక్క మాటైనా అనలేదు. తిడితే బాగుండునని కొన్నాళ్లు ఎదురుచూశాడు. ఆదివారాలు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని రేడియో వింటారు. చీకటి పడబోయే ముందు అతను లేస్తాడు. బావ గుమ్మం దాకా వచ్చి, మెట్లు చూసుకుని దిగమని చెప్పి, తలుపు గడియ పెట్టుకుంటాడు.