కునుకు తీసే వైఫై కార్డు

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ చెవులపిల్లి అంటారు. ల్యాప్‌టాపుల్లోని వైఫై కార్డుల్ని నడిపించే సాఫ్ట్‌వేర్ రాయడం, అది మొరాయిస్తే ఎక్కడ మొరాయించిందో పట్టుకోవడం ఆవిడ పని. గాల్లో పోయే సంకేతాలు వినడానికి బల్లమీద రెండు యాంటెనాలు నిక్కబొడుచుకుని ఉంటాయి, ఆ పేరు వాటివల్లే వచ్చింది. ఆవిడకేం కోపం లేదు. కాఫీకప్పు మీద కుందేలు బొమ్మ కూడా వేయించుకుంది.

ఆ మధ్య కొత్త కార్డు మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. నెట్ ఉన్నట్టే చూపిస్తుంది, ఏమీ రాదు. ఆఫీసులో ఎంత గింజుకున్నా ఒక్కసారీ అలా జరగలేదు. జరిగింది ఇంట్లో, ఆ కార్డున్న ల్యాప్‌టాపు అత్తగారి చేతికిచ్చాక.

అత్తగారూ, వేరే ఇంట్లో ఉండే అత్తగారి అక్కగారూ మధ్యాహ్నాలు నెట్‌లో చదరంగం ఆడుకుంటారు. అక్కగారిది నిదానం. తాపీగా ఆలోచించి ఎత్తు వేస్తే, అదిక్కడికి చేరేది కాదు. నాలుగైదుసార్లు అలా అయ్యాక అక్కగారు ఫోన్ చేసి, "ఓడిపోయేటప్పుడే నీకు నెట్ పోతుందేమే?" అంది. అంతే, ఇద్దరికీ మాటల్లేవు.

కోడలు సెలవు పెట్టింది. కార్డు లోపల జరిగేదంతా ఎప్పటికప్పుడు రాసిపెట్టే డీబగ్ లాగ్ ఆన్ చేసి, అక్కగారి బదులు తనే ఫోన్‌లోంచి ఆడింది. ఆట బొత్తిగా రాదు కనక ఆలస్యం దానంతటదే కుదిరింది. కానీ ప్రతి ఎత్తూ చక్కగా చేరింది.

"నువ్వా రాతలన్నీ తెరిచి కూర్చుంటే బుద్ధిగా ఉంటుందే అమ్మాయ్. మూసెయ్యగానే మొదలెడుతుంది," అంది అత్తగారు.

కోడలు తల పట్టుకుంది. పనిలేనప్పుడు కార్డు బ్యాటరీ ఆదా కోసం కునుకు తీయాలి. ఏం చేస్తున్నావని లాగ్ దాన్ని అస్తమానం కదుపుతుంటే ఇంకెక్కడి కునుకు? ఆఫీసులోనూ అంతా లాగ్ ఆన్ చేసే వెతికారు మరి.

లాగ్ ఆపేసి, పక్కన ఇంకో ల్యాప్‌టాపు పెట్టింది. అది గాల్లో పోయే మాటలన్నీ వింటుందే తప్ప నోరు విప్పదు. ఈసారి దొంగ దొరికింది. పడుకుంటున్నానని కార్డు రౌటర్‌కి చెప్పింది. వచ్చిన ఎత్తును రౌటర్ దాచిపెట్టి, నీకోసం ఒకటి ఉందని పిలుస్తూనే ఉంది. కార్డు ఫర్మ్‌వేర్‌లో, అంటే దాని లోపలే ఉండే సాఫ్ట్‌వేర్‌లో, గడియారం కాస్త వెనకబడి నడుస్తోంది. అందుకే కార్డు పిలుపు అయిపోయాక కళ్ళు తెరిచి, ఎవరూ పిలవలేదనుకుని మళ్ళీ పడుకుంటోంది.

"పాపం, రౌటర్‌కి ఎంత ఓపిక," అంది అత్తగారు తెర చూస్తూ.

కార్డు కాస్త ముందే లేచేలా ఫర్మ్‌వేర్ మార్చాక జబ్బు కుదిరింది. అక్కగారికి ఫోన్ చెయ్యడానికి మాత్రం అత్తగారికి మనసొప్పలేదు. కోడలే చేసింది.

"పెద్దత్తయ్యా, తప్పు అత్తయ్యది కాదు, మా కార్డుది. మీ ఎత్తు గుమ్మందాకా వచ్చి, తలుపు తీసేవాళ్ళు లేక ఆగిపోయింది."

"అయితే మొదట్నుంచీ ఆడదామను. తెల్లపావులు నావి," అంది పెద్దావిడ.

ఆ ఆటలో అత్తగారు చిత్తుగా ఓడిపోయింది. ఓడిపోయాక తనే ఫోన్ చేసింది. పొద్దుగూకేదాకా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్కో ఎత్తూ తవ్వితీసి పోట్లాడుకుంటూనే ఉన్నారు.